ఇరవయ్యా, ఎనిమిదా?

రోజా ఉండి షట్టరింగ్ పని ముగించి, ఇఫ్తార్ చేసి, ఇషా నమాజుకు నిలబడేసరికే మా మోకాళ్లు మాట వినవు. ఆ తర్వాత తరావీహ్. అది ఫర్జ్ కాదు, చదవకపోయినా అడిగేవాళ్లు లేరు. అయినా సోనాపూర్ క్యాంపులో మాలో మధ్యలో వచ్చి పడుకునేవాళ్లు తక్కువే.

రాయచోటిలో ఇరవై రకాతులు చదివి పెరిగినోళ్లం మేము. ఇక్కడి ఇమాం సాబ్ ఎనిమిది చదివించి విత్ర్‌కు పోతాడు. మొదట్లో రూములో దీనిమీద పెద్ద వాదన. మిగతా పన్నెండూ రూముకొచ్చి చదివే పెద్దాయన కూడా ఉండేవాడు. సహరీకి మూడున్నరకే లేవాలి, ఐదుకు బస్సు. ఎనిమిదే చాలురా దేవుడా అనుకున్న రాత్రులున్నాయి, అబద్ధమెందుకు!

2020 రంజాన్‌లో మసీదులు మూసేశారు. రూములోనే చదువుకున్నాం. ముందు ఎవరు నిలబడాలి? పది చిన్న సూరాలు నోటికి వచ్చిన కుర్రాడే మా ఇమాం. కరీంనగర్ అన్నలిద్దరూ టీవీ ఆపి, పెట్టెలు మంచాల కిందికి తోసి, చాపలకు చోటు చేసి పై మంచాలెక్కి కూర్చునేవారు.

ఆ నెలలోనే మాలో ఒకరి అబ్బా ఊళ్లో పోయాడు. విమానాలు లేవు. మట్టి వేయడం ఫోనులో చూశాడు. ఆ రాత్రి "నువ్వు పడుకో భాయ్" అన్నాం. వినలేదు, వజూ చేసుకొచ్చి వరుసలో నిలబడ్డాడు. ఎనిమిది అయ్యాక కుర్రాడు సలాం చెప్పి వెనక్కి చూశాడు.

"ఇంకా చదివించు" అన్నాడు భాయ్.

ఇరవై పూర్తి చేశాం. లైటు ఆపమని పైనుంచి అన్నలు అడగలేదు.