ఆరు నిమిషాలు

యుద్ధవర్ణనలలో మన కవులు దాడికి ఇచ్చినంత చోటు కాపలాకు ఇవ్వలేదు. కోటను పట్టుకొన్న వీరుని పేరు శాసనాలకెక్కుతుంది. ఆ కోట ముప్పై ఏండ్లపాటు పరులపాలు కాకుండా బురుజుమీద నిలిచి కాచినవాని పేరు ఎవరికీ పట్టదు. అతడు కునుకు తీసిన రాత్రి ఒక్కటి ఉంటే మాత్రం ఆ రాత్రి కథగా నిలిచిపోతుంది. ఫుట్‌బాల్ ఆటలో గోలుకు ముందు నిలిచే రక్షకుల బ్రతుకూ ఇటువంటిదే. గోలు కొట్టినవానిని సహచరులు భుజాలకెత్తుకొంటారు. పడవలసిన గోలును అడ్డుకొన్నవానికి దక్కేది, మహా అయితే, గోల్‌కీపర్ వీపుమీద తట్టే ఒక్క తట్టు.

నేను ఆటగాణ్ణి కాను. ప్రబంధాలలోని పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పుకొంటూ మూడు దశాబ్దాలు గడిపినవాణ్ణి. ఈ ఆటను గురించి నాకు తెలిసినదంతా నా దగ్గర ద్వితీయభాషగా తెలుగు చదువుకొన్న ఒక విద్యార్థి చలవ. అతడు మా కళాశాల జట్టులో స్టాపర్‌గా, అంటే వెనుక వరుసలో నడిమివాడుగా ఆడేవాడు. 2014లో జరిగిన ఒక అంతర కళాశాలల పోటీలో మా జట్టు మూడు గోల్సు ఇచ్చుకొని ఓడిపోయింది. తప్పంతా అతనిదేనని అందరూ కలిసి తీర్మానించారు. మరునాడు అతడు జెర్సీని తిరిగి ఇచ్చివేసి, తరగతిలో చివరి బల్లకు మారిపోయాడు. పాఠం జరుగుతున్నంతసేపూ కిటికీలోనుంచి మైదానంవైపే చూసేవాడు. ఎలాగైనా మాట కలపాలని ఒకనాడు, "ప్రపంచకప్పులో బ్రెజిల్ చిత్తుగా ఓడిపోయిందట కదా, ఏమైందోయ్?" అని అడిగాను. చాలా రోజుల తరువాత అతడు నా ముఖంలోకి చూశాడు. "మాటలతో చెబితే తెలియదు సార్, మీకు చూపిస్తాను" అన్నాడు. గ్రంథాలయంలోని కంప్యూటరు ముందు కూర్చొని ఆ ఆటను మేమిద్దరమూ రెండుసార్లు చూశాము.

ఆ ఓటమి ఆ దేశాన్ని అంతగా ఎందుకు కుంగదీసిందో తెలియాలంటే, అంతకుముందు పెట్టుకొన్న ఆశలు తెలియాలి. బ్రెజిల్ అనగానే లోకానికి గుర్తుకువచ్చేవారు పీలే, గరించా, రొనాల్డో వంటి దాడి వీరులు. కాని స్వదేశంలో జరిగిన ఆ ప్రపంచకప్పులో బ్రెజిల్ ప్రజలకు తమ రక్షణ పంక్తిమీద కూడ ఎంతో గురి ఉండేది. జట్టు నాయకుడు తియాగో సిల్వా ఆనాటి ఉత్తమ రక్షకులలో ఒకడుగా పేరు పొందినవాడు. అతనికి జోడు డేవిడ్ లూయిజ్. ఆ వేసవిలోనే పారిస్ నగరపు క్లబ్బు ఇతనిని సుమారు 5 కోట్ల పౌండ్ల వెలకు తీసుకొన్నది. ఒక రక్షకునికి అంత ధర అంతవరకు ఎవరూ పెట్టలేదు. ఎడమప్రక్కన నిలిచే మార్సెలో ఆ మే నెలలోనే రియల్ మాడ్రిడ్ పక్షాన ఐరోపా ఛాంపియన్స్ లీగ్ గెలిచి వచ్చాడు. శిక్షకుడు స్కొలారి 2002లో ఇదే బ్రెజిల్‌కు ప్రపంచకప్పు సాధించిపెట్టిన మనిషి. 2013లో కాన్ఫెడరేషన్స్ కప్పు గెలిచినపుడు ఈ జట్టు అయిదు ఆటలలో ఇచ్చినవి మూడే గోల్సు. ఆనాటి ఫైనల్‌లో స్పెయిన్ ఆటగాడు పెద్రో కొట్టిన బంతి గోలులోకి పోతూ ఉండగా డేవిడ్ లూయిజ్ నేలమీద జారుకొంటూ వచ్చి దానిని పైకి తన్నివేశాడు. ఆ ఒక్క తాపుతో అతడు దేశానికి ముద్దుబిడ్డ అయ్యాడు. పైగా స్వదేశంలో జరిగిన పోటీ ఆటలలో బ్రెజిల్ 1975 తరువాత ఓడిపోయి ఎరుగదు.

ప్రపంచకప్పులో క్వార్టర్ ఫైనల్ దాకా కథ సాఫీగానే నడిచినట్లు కనిపిస్తుంది. అయిదు ఆటలలో నాలుగు గోల్సు మాత్రమే ఇచ్చారు. 2014 జులై 4న కొలంబియాను 2-1తో గెలిచారు. ఆ రెండు గోల్సు కొట్టినవారెవరో తెలుసునా? ఒకటి తియాగో సిల్వా, మరొకటి డేవిడ్ లూయిజ్. కావలివారే దండయాత్ర చేసి గెలిచి వచ్చినట్లయింది. దేశమంతా పండుగ చేసుకొన్నది. అయితే అదే ఆటలో సిల్వా, కొలంబియా గోల్‌కీపర్ బంతిని తన్నబోతుండగా అనవసరంగా అడ్డుపోయి పసుపు కార్డు చూశాడు. అది అతనికి రెండవది కావడంతో తరువాతి ఆటకు అనర్హుడయ్యాడు. అపీలు చేసుకొన్నా ఫలితం లేకపోయింది. దాడిలో ముందుండే నేమార్‌కు వెన్నుపూస విరిగింది కూడ ఆ సాయంత్రమే. తరువాతి ఆటకు ముందు జాతీయగీతం పాడుతున్నపుడు డేవిడ్ లూయిజ్, గోల్‌కీపర్ జూలియో సెజార్ కలిసి ఎత్తి పట్టుకొన్నది నేమార్ జెర్సీనే. కావలివాడు లేని లోటు కంటె గోలు కొట్టేవాడు లేని లోటే వారిని ఎక్కువగా కలచివేసినట్లున్నది.

జులై 8న బెలో హోరిజాంటే నగరంలో జర్మనీతో సెమీఫైనల్. సిల్వా స్థానంలో డాంటే వచ్చాడు. అతడు జర్మనీలోని బయర్న్ మ్యూనిక్ క్లబ్బులోనే ఆడుతూ, ఎదుట నిలిచిన జర్మన్లలో పలువురితో ఏడాది పొడుగునా కలిసి సాధన చేసినవాడు. 11వ నిమిషంలో కార్నర్ కిక్ వచ్చింది. ముల్లర్‌ను కనిపెట్టుకొని ఉండవలసిన డేవిడ్ లూయిజ్ గుంపులో చిక్కుపడ్డాడు. ముల్లర్ ఒంటరిగా నిలిచి తాపీగా గోలు కొట్టాడు. ఇంతవరకు ఏ జట్టుకైనా జరిగేదే. 23వ నిమిషంలో క్లోజే కొట్టిన గోలు ప్రపంచకప్పులలో అతనికి 16వది. దానితో రొనాల్డో పేరిట ఉన్న 15 గోల్సు రికార్డు, బ్రెజిల్ గడ్డమీదనే, చెదిరిపోయింది. 24వ నిమిషంలో క్రూస్. 26వ నిమిషంలో మళ్ళీ క్రూస్. 29వ నిమిషంలో ఖెదీరా. ఆరు నిమిషాలలో నాలుగు గోల్సు! మైదానం నడుమ బంతిని పెట్టి ఆట మళ్ళీ మొదలుపెట్టినంతసేపు పట్టలేదు, ఆ బంతి తిరిగి వలలో పడడానికి. సగం ఆట కాకముందే పసుపుపచ్చ చొక్కాలు తొడుక్కొన్న పిల్లలు గ్యాలరీలలో వెక్కివెక్కి ఏడవసాగారు. విరామంలో, ఎదుటివారిని కించపరిచేటట్లు ఆడరాదని తాము అనుకొన్నట్లు జర్మనీ రక్షకుడు హమ్మెల్స్ తరువాత చెప్పాడు. గెలిచేవాడు ఓడేవానిమీద జాలిపడడం కంటె పెద్ద ఓటమి వేరే ఏముంటుంది? చివరికి 7-1.

మొదటిసారి చూసినపుడు నా కన్ను బంతి వెంటనే పరుగెత్తింది. నాకు కనిపించినదల్లా జర్మన్ల నైపుణ్యమే. రెండవసారి ఆ పిల్లవాడు తెరమీద వేలు పెట్టి, "బంతిని చూడకండి సార్. బంతి లేనిచోట చూడండి" అన్నాడు. చూశాను. డేవిడ్ లూయిజ్ తన చోటు విడిచి ముందుకు పరుగెత్తాడు. ఒక గోలు పడితే రెండు గోల్సు తానే కొట్టి తీర్చివేయాలన్న ఆత్రం అతనిది. అతడు కదలగానే డాంటే ప్రక్కన పెరడంత ఖాళీ ఏర్పడింది. ఎడమప్రక్కన మార్సెలో కూడ ముందుకు వెళ్ళి ఉన్నాడు. మధ్యవరుసలోని ఫెర్నాండిన్యో కాళ్ళ దగ్గరనుంచి క్రూస్ బంతిని లాక్కొన్నపుడు వెనుక ఆదుకొనే జత లేదు. నలుగురూ సమర్థులే. నలుగురూ పరుగెత్తుతూనే ఉన్నారు. కాని ఒకడు ఎటు పోతున్నాడో మరొకనికి తెలియదు. "మాకు నేర్పేది ఇదే సార్. నలుగురి నడుమా కనిపించని తాడు ఒకటి కట్టి ఉంటుంది. ఒకడు జరిగితే ముగ్గురూ జరగాలి. తాడు తెగితే ఎంత పెద్ద ఆటగాడైనా ఒంటరివాడే" అని చెప్పి, కొంచెం ఆగి, "గోలు పడినపుడు మాత్రం దగ్గరలో ఎవరున్నారని చూస్తారు. ఆ ఉన్నవాడే దోషి" అన్నాడు.

అది బ్రెజిల్ సంగతి మాత్రమే కాదని నాకు అర్థమయింది. ఓదార్పు మాటలు నాకు చేతకావు. చేతనైనది భారతం కనుక ద్రోణపర్వం అందుకొన్నాను.

అభిమన్యుని మరణం తరువాత అర్జునుడు, సూర్యాస్తమయంలోగా సైంధవుని వధిస్తానని ప్రతిజ్ఞ చేశాడు. అంటే కౌరవులకు గోలు కొట్టవలసిన పని లేదు. ఒక్క పగలు ఒక్క మనిషిని కాపాడితే చాలు. భారతయుద్ధంలో అంత ఆశతో, అంత ఆర్భాటంతో పన్నిన రక్షణ మరొకటి లేదు. శకటవ్యూహం, దాని లోపల పద్మవ్యూహం, దాని లోపల సూచీవ్యూహం. మొగసాలలో స్వయంగా ద్రోణాచార్యుడు. సైంధవుని చుట్టూ కర్ణుడు, అశ్వత్థామ, కృపుడు, శల్యుడు వంటి మహారథులు. పేర్లు చదివితే ఏ లోపమూ కనిపించదు. అర్జునుడు వచ్చాడు, గురువుతో కొంతసేపు పోరాడాడు, ప్రదక్షిణం చేసి ప్రక్కగా దాటిపోయాడు. శత్రువును జయించకుండా పోతావా అని ద్రోణుడు ఎత్తిపొడిస్తే, మీరు గురువులే కాని శత్రువులు కారని చెప్పి రథాన్ని ముందుకు పోనిచ్చాడు. ద్రోణుడు ఓడిపోలేదు. అతనిని దాటివేశారు, అంతే. ఆ తోవనే తరువాత సాత్యకి పోయాడు, భీముడు పోయాడు. దుర్యోధనుడు పరుగున వచ్చి ద్రోణుని నిందించాడు. నేను వృద్ధుణ్ణి, అర్జునుని గుర్రాలు వేగం గలవి, పైగా ఈ మొగసాల విడిచి రాలేనని ఆచార్యుడు చెప్పుకొన్న సమాధానం రాజుకు రుచించలేదు. రాజులకు అటువంటి సమాధానాలు ఎన్నడూ రుచించవు.

విద్యార్థి శ్రద్ధగా విన్నాడు. విని, నేను ఏండ్ల తరబడి పాఠం చెబుతున్నా ఏ పిల్లవాడూ అడగని ప్రశ్న అడిగాడు. "సార్, ద్రోణునికి, సైంధవునికి మధ్య దూరం ఎంత?"

చాలా దూరం. కోసుల దూరం. మొగసాలలో ఉన్నవాడు వెనుక జరిగేదానికి అందడు. వెనుక ఉన్నవారు మొగసాలలో జరిగేదానికి అందరు.

"అయితే ఆయన తప్పు కాదు సార్" అన్నాడు.

ఒక వాదం ఉన్నది. తియాగో సిల్వా ఉంటే ఆ ఘోరం జరిగేది కాదని నేటికీ అనేవారున్నారు. నాకు పూర్తిగా నమ్మకం కలగదు. నాలుగు రోజుల తరువాత, జులై 12న, మూడవ స్థానం కోసం నెదర్లాండ్స్‌తో జరిగిన ఆటలో సిల్వా తిరిగివచ్చాడు. మూడవ నిమిషంలోనే రాబెన్‌ను పట్టి లాగి పెనాల్టీ ఇచ్చాడు. రెండవ గోలు, డేవిడ్ లూయిజ్ తలతో త్రోసివేసిన బంతి నేరుగా ఎదుటివాని ముందు పడడంవల్ల వచ్చింది. ఆ ఆట 3-0. మొత్తం ఏడు ఆటలలో 14 గోల్సు ఇచ్చింది ఆ గొప్ప రక్షణ. తెగిన తాడును ఒక్క మనిషి వచ్చి ముడివేయలేడని దీనివల్ల నాకు తోస్తున్నది.

బ్రెజిల్‌కు ఇటువంటి దుఃఖం కొత్త కాదు. 1950లో మరకానా మైదానంలో ఉరుగ్వే చేతిలో 2-1తో ఓడి ప్రపంచకప్పును చేజార్చుకొన్నపుడు ఆ దేశం తన గోల్‌కీపర్ బార్బోసాను క్షమించలేదు. గిగ్గియా కొట్టిన బంతి అతనికి, గోలు కంబానికి నడుమ ఉన్న కాస్త సందులోనుంచి దూరిపోయింది. ఆ జానెడు సందు బార్బోసా జీవితాన్ని మింగివేసింది. తమ దేశంలో ఏ నేరానికైనా గరిష్ఠ శిక్ష 30 ఏండ్లేనని, తాను అంతకంటె ఎక్కువ కాలం శిక్ష అనుభవించానని అతడు వృద్ధాప్యంలో వాపోయేవాడు. 2000లో అతడు మరణించేనాటికి ఆ ఓటమికి 50 ఏండ్లు నిండలేదు, నిండవచ్చాయి. ఆ గోలుకు ముందు గిగ్గియాను ప్రక్కవాటున ఎవరు వదిలివేశారు, ఆ వదిలినవానికి ఆసరాగా ఎవరు రావలసి ఉండినది అన్న ప్రశ్నలు ఆటను క్షుణ్ణంగా ఎరిగినవారు మాత్రమే వేశారు. వీధిలో బార్బోసాను చూపి పిల్లలకు చెప్పిన తల్లులకు ఆ గొడవతో పని లేదు.

2014 ఓటమి రాత్రి డేవిడ్ లూయిజ్ కన్నీళ్ళతో ప్రజలను క్షమాపణ కోరాడు. బాధ్యత తనదేనని స్కొలారి చెప్పి, కొద్ది రోజులలోనే పదవి విడిచాడు. ఆ గుంగురు జుట్టు రక్షకుని పని ఇక అయిపోయినట్లేనని చాలామంది వ్రాశారు. అతడు 2016లో లండన్‌లోని తన పాత క్లబ్బు చెల్సీకి తిరిగి వెళ్ళాడు. శిక్షకుడు కాంటే ఆ ఏడాది శరదృతువులో వెనుక వరుసను మార్చి ముగ్గురిని నిలిపాడు. 2016-17లో చెల్సీ 38 ఆటలలో 30 గెలిచి ప్రీమియర్ లీగ్ విజేత అయింది. ఇచ్చిన గోల్సు 33. ఆ ముగ్గురిలో నడిమివాడు డేవిడ్ లూయిజ్. అతనికి కుడిప్రక్కన అజ్‌పిలిక్యుయేటా, ఎడమప్రక్కన కేహిల్ నిలిచారు.