పలచని బట్ట – మందమైన బుద్ధి

తెలుగు పాఠం చెప్పేవాడికి ఒక సౌకర్యం వుంది. కావ్యనాయిక మంచుతెరలాంటి చేలం కట్టుకున్నదంటే తరగతిలో అరగంటసేపు తన్మయుడై వర్ణించవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. ఆ నాయికే ఇంట్లో కూతురై పుట్టి, అలాంటి బట్ట వేసుకుని బయల్దేరితేనే చిక్కు.

పోయిన మాఘమాసంలో మా మేనల్లుడి పెళ్ళి. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి పట్టుచీర మీదికి నెట్టు చేతుల జాకెట్టు కుట్టించుకుంది. మోచేతిదాకా సన్నని వల, దానిమీద చిన్నచిన్న పువ్వులు. నేను కళ్ళజోడు సవరించుకుని, "దోమతెర చించి కుట్టించావుటమ్మా? మర్యాదస్తుల పిల్లలు వేసుకునేదేనా ఇది?" అన్నాను. మొదటిమాట హాస్యానికే అన్నాను. రెండోమాట మాత్రం హాస్యం కాదు. అమ్మాయి బదులు చెప్పలేదు. లోపలికి వెళ్ళి జాకెట్టు మార్చుకుని వచ్చింది. పెళ్ళి ఫోటోల్లో ఒక్కదానిలోనూ నవ్వలేదు.

ఇంటికి వచ్చాక మా అమ్మ తన పెట్టె తెరిచింది. ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా పొందూరు. అడుగున దాచుకున్న తెల్లచీర తీసి, ఒక పొర కింద చెయ్యి పెట్టి, "గాజులు కనిపిస్తున్నాయట్రా?" అంది. మసకమసకగా కనిపించాయి. "మీ అమ్మమ్మ వడికిన నూలు. ఈ చీర కట్టుకునే నిన్ను ఉయ్యాల్లో వేశాను. ఆనాడు మన మర్యాద ఎక్కడికీ పోలేదే!"

ఆ రాత్రి నిద్రపట్టక పుస్తకాలు తీశాను. సన్నబట్టలకు మన తీరం ఏనాటినుంచో పేరుపడ్డది. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు, మసలియా ప్రాంతంలో సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని వ్రాశాడు. మసలియా అంటే మన మచిలీపట్నం ప్రాంతమే. 13వ శతాబ్దం చివర మార్కోపోలో మోటుపల్లి సీమ బట్టలను సాలెపురుగు దారంతో పోల్చి మురిసిపోయాడు. ఢాకా మస్లిన్ల పేర్లు వింటేనే ముచ్చటేస్తుంది. ఒకటి 'ఆబ్-ఇ-రవాన్', అంటే పారేనీరు. మరొకటి 'షబ్నమ్', అంటే మంచు.

తమాషా ఏమిటంటే, ఇంత మెచ్చుకున్న బట్టకే తిట్లూ తప్పలేదు. ఔరంగజేబు కూతురిని పలచని దుస్తులకు కోప్పడితే, ఏడు పొరలు వేసుకున్నానని ఆవిడ బదులు చెప్పిందని ఒక కథ వుంది. 1783లో పారిస్ చిత్రప్రదర్శనలో ఫ్రాన్సు రాణి మేరీ ఆంత్వానెత్ తెల్లని మస్లిన్ గౌనులో వున్న పటం పెట్టారు. రాణి లోదుస్తులతో కూర్చున్నదని జనం గోలచేస్తే దాన్ని తీసెయ్యవలసి వచ్చింది. చక్రవర్తి అన్నమాట, పారిస్ జనం అన్నమాట, నేను అన్నమాట ఒకటే!

ఇక నేను వెక్కిరించిన వల సంగతి. అలాంటి వల ఒకప్పుడు ఐరోపాలో చేత్తోనే అల్లేవారు. 1809లో హీత్‌కోట్ అనే ఇంగ్లీషువాడు దాన్ని అల్లే యంత్రానికి పేటెంటు పొందాడు. 1816లో కొందరు ఆయన కర్మాగారంలో జొరబడి యంత్రాలు విరగ్గొట్టారు. బతుకుతెరువు పోతుందన్న భయం అప్పటి పనివాళ్ళలో అంతగా వుండేది.

వేసుకున్నదాన్ని అందరూ చూశారు. వడికినదాన్ని ఎవరు చూశారు? ఢాకాలో గాలిలో తేమ వుండే తెల్లవారుజామునా సాయంకాలమూ కూర్చుని వడికేవారట. లేకపోతే ఆ దారం నిలిచేది కాదు. పొందూరులో వాలుగచేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. ఆ చిన్నచిన్న పళ్ళే దువ్వెన. గింజ తీసి, వింటితో ఏకి, ఏకులు చేసి, అప్పుడు రాట్నం ముందు కూర్చోవాలి. నూరో నంబరు నూలు అలా వస్తుంది.

"చివరి రోజుల్లో అమ్మకి సూదిబెజ్జం కనిపించేది కాదురా. అయినా దారం తెగకుండా లాగేది. వేళ్ళతోనే చూసేది," అంది అమ్మ. ఆ ముసలావిడ చేతిమీద పెరిగినవాణ్ణి. ఒక్కనాడూ ఆ వేళ్ళవంక చూడలేదు. మనవరాలి చేతులమీద పలచని బట్ట కనబడగానే మాత్రం నా కళ్ళకి ఎక్కడలేని చురుకూ వచ్చింది!

మర్నాడు అమ్మాయితో, "తప్పు నాదేనమ్మా" అన్నాను. పాతికేళ్ళుగా పాఠం చెపుతున్న గొంతు ఆ మూడుమాటలకే తడబడింది.

ఉగాదినాడు నాయనమ్మ పొందూరు చీర కట్టింది. మనవరాలు నెట్టు చేతుల జాకెట్టు వేసుకుంది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి నేనే ఫోటో తీశాను.

"దోమతెర బాగా పడిందా నాన్నా?" అంది అమ్మాయి.

ఫోటోలో నవ్వుతూనే వుంది.