ఎదురుచూపుల ఊరు... ఇథాకా!

ఊరి పేరు ఇథాకా. హోమర్ చెప్పిన గ్రీకు కథ తెలిసినవాళ్లకి ఆ పేరు వినగానే ఒక ఇల్లాలు గుర్తొస్తుంది. ట్రాయ్ యుద్ధానికి వెళ్లిన భర్త కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూసిన పెనెలోపీ. మళ్లీ పెళ్లి చేసుకోమని ఇంట్లో తిష్ఠవేసినవాళ్లకి ‘ఈ నేత పూర్తవనీండి’ అని చెబుతూ, పగలు నేసింది రాత్రి విప్పేస్తూ కాలం గడిపింది. మన ఊర్మిళాదేవి నయం, పద్నాలుగేళ్లూ నిద్రపోయింది. పెనెలోపీకి ఆ సుఖమూ లేదు!

ఆమె ఉన్నది గ్రీసు దీవిలో. ఈ ఇథాకా మాత్రం అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రపు కొండల మధ్య ఉంది. 2020 లెక్కల ప్రకారం జనాభా 32 వేల పైచిలుకు... అంతే. కానీ ఏటా ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి ఈ చిన్న ఊరి నుంచి రావాల్సిన ఒక్క ఈమెయిల్ కోసం ఎక్కడెక్కడో కొందరికి నిద్రపట్టదు. వాళ్లంతా ఇక్కడి కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ సాహిత్యం పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకున్నవాళ్లు.

ఊళ్లన్నీ కావ్యాలే!

ఇథాకా చుట్టుపక్కల తిరిగితే పాత గ్రీకు, లాటిన్ పుస్తకాల అలమరలో తిరిగినట్టే ఉంటుంది. ఒక ఊరు హోమర్, ఒకటి వర్జిల్, ఒకటి ఓవిడ్, మరొకటి హెక్టర్. పెనెలోపీ భర్త యులిసిస్ పేరుతోనూ ఓ టౌన్‌షిప్ ఉంది. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికులకు భూములు పంచడానికి ఈ నేలను కొలిచి ముక్కలు చేసినప్పుడు పెట్టిన పేర్లివి. అంతకుముందు ఇది కయుగా తెగవాళ్ల నేల. 1779లో సైన్యం వచ్చి వాళ్ల ఊళ్లను తగలబెట్టింది. అక్కడి 61 కిలోమీటర్ల పొడవైన సరస్సుకు మాత్రం వాళ్ల పేరే మిగిలింది.

ఊరికి ఇథాకా అని పేరు పెట్టింది సర్వేయర్ సిమియన్ డీవిట్. యులిసిస్ టౌన్‌షిప్‌లో ఉన్న ఊరికి అంతకన్నా తగిన పేరేముంటుంది అనుకున్నాడేమో!

ఇక్కడి నేలంతా లోయలు, జలపాతాలు. టాఘానక్ జలపాతం ఎత్తు 215 అడుగులు... నయాగరా కన్నా ఎక్కువే. చలికాలంలో దాని అంచులు గడ్డకట్టి, గాజు తెరలు వేలాడదీసినట్టు కనిపిస్తాయి. ఊరి నడిబొడ్డు నుంచి విశ్వవిద్యాలయానికి కాస్కడిల్లా వాగు వెంట కాలిబాట ఉంది. దాదాపు 400 అడుగులు ఎక్కాలి. మంచు పడే నెలల్లో జారిపడతారని గేట్లు మూసేస్తారు.

పైకెక్కితే ఆర్ట్స్ క్వాడ్. ఒక పక్క గంటల గోపురం, దానికి 161 మెట్లు. మరో పక్క గోల్డ్‌విన్ స్మిత్ హాల్. సాహిత్య విభాగం ఉండేది ఇందులోనే. ఆ విభాగం పేరిప్పుడు ఉత్త ‘ఇంగ్లిష్’ కాదు. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు ఇంగ్లండులోనే లేరు కదా అని అధ్యాపకులు 2020లో ఓటేసి ‘లిటరేచర్స్ ఇన్ ఇంగ్లిష్’గా మార్చాలని నిర్ణయించారు. ఒక్క బహువచనంతో ఆఫ్రికా, కరీబియన్ దీవులతో పాటు మనమూ అందులోకి వచ్చేశాం.

నవలాకారుడు నబొకోవ్ 1948 నుంచి దశాబ్దం పాటు కార్నెల్‌లో పాఠాలు చెప్పాడు. సొంతిల్లు లేదు. సెలవు మీద వెళ్లిన ప్రొఫెసర్ల ఇళ్లు అద్దెకు తీసుకుని, వాళ్లు తిరిగొస్తే మూటాముల్లె సర్దుకుని మరో ఇంటికి మారేవాడు. ‘లోలిటా’ ఎక్కువగా రాసింది ఈ అద్దె ఇళ్లలోనే. ఓ రోజు విసిగి రాతప్రతిని తగలబెట్టబోతే భార్య వేరా ఆపింది. తర్వాత అమెరికా ప్రచురణకర్తలు ఒకరి వెంట ఒకరు వద్దన్నారు. చివరికి 1955లో పారిస్‌లో అచ్చయింది. సరిగ్గా అదే ఏడాది కార్నెల్ నుంచి ఎం.ఏ. పట్టా అందుకుంది ఓ అమ్మాయి. వర్జీనియా వూల్ఫ్, ఫాక్నర్‌ల మీద సిద్ధాంత వ్యాసం రాసిన ఆమే, 1993లో నోబెల్ అందుకున్న టోనీ మోరిసన్. ఇప్పుడామె పేరుతో విద్యార్థుల వసతి భవనం కూడా ఉంది.

ఇలాంటి చోట సీటంటే ఎవరికి ఆశ ఉండదు?

సీటు కాదు... ఐదేళ్ల జీతం!

అమెరికా చదువులు తెలుగిళ్లకు కొత్త కాదు. ఐ-20, వీసా స్లాట్, బ్యాంకు లోను... నానమ్మలకు కూడా నోటికొచ్చిన మాటలే. కానీ అవన్నీ ఎక్కువగా ఎమ్మెస్ లెక్కలు. అక్కడ ఫీజు కట్టేది విద్యార్థి. సాహిత్యంలో పీహెచ్‌డీ దారి వేరు. ఫీజు మాఫీ చేసి, నెలనెలా భత్యం ఇచ్చి, ఆరోగ్య బీమా కట్టి విశ్వవిద్యాలయమే పోషిస్తుంది. బదులుగా విద్యార్థి పరిశోధన చేస్తూ, మొదటి ఏడాది పిల్లలకు రాయడం నేర్పాలి. కార్నెల్ ఇలా ఐదేళ్లకు హామీ ఇస్తుంది. అంటే చేర్చుకునే ప్రతి ఒక్కరూ విభాగానికి ఐదేళ్ల ఖర్చు. అందుకే తీసుకునేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మందినే.

హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూలోనో మరోచోటో ఎం.ఏ. చదివి, అప్పు పుట్టని ఇంట్లోంచి వచ్చే అమ్మాయికి ఈ తేడా చిన్నది కాదు. ఆ ఉత్తరం వస్తే ప్రయాణం ఉంది, రాకపోతే లేదు. మధ్యే మార్గం లేదు.

దరఖాస్తుకు కావాల్సింది ఇరవై పేజీల దాకా సొంత వ్యాసం, ఏం పరిశోధిస్తారో చెప్పే ఉత్తరం, ముగ్గురు గురువుల సిఫార్సులు. సాహిత్యానికని విడిగా ఉండే జీఆర్‌ఈ పరీక్షను 2021లో ఎత్తేశారు. కాబట్టి కోచింగుతో గట్టెక్కే పని కాదు. చాలా చోట్ల దరఖాస్తు రుసుము వంద డాలర్లకు అటూఇటూ. పది చోట్లకు పంపితే ఎంతో ఇంట్లో వాళ్లకే తెలుసు. 2020లో కోవిడ్ వచ్చాక ఎన్నో విభాగాలు మరుసటి ఏడాదికి అసలు ఎవరినీ చేర్చుకోమని తలుపులు మూశాయి. ఏళ్ల తరబడి వ్యాసం చెక్కుకున్నవాళ్లు అలాగే ఉండిపోయారు.

డిసెంబరు, జనవరుల్లో గడువు ముగుస్తుంది. ఫిబ్రవరి నుంచి కబుర్లు మొదలవుతాయి. ముందుగా వచ్చేవి ‘రండి’ అనే ఉత్తరాలు. ‘విచారిస్తున్నాం’ అనేవి తర్వాతెప్పుడో, కొన్నిసార్లు మార్చి చివర్లో. మధ్యలో ఏమీ రాకపోవడమే అందరికన్నా పెద్ద పరీక్ష. మార్చి మధ్య నుంచి ఇథాకాలో సాయంత్రం 5 అయితే మనకు అర్ధరాత్రి దాటి రెండున్నర. ఆఫీసు మూసేముందు గుమస్తా నొక్కిన బటన్, ఇక్కడ దిండు కింద ఫోన్‌ను మోగిస్తుంది.

అన్నట్టు, ఈ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన ఎజ్రా కార్నెల్ ధనవంతుడైంది టెలిగ్రాఫ్ తీగలతోనే. 1844లో వాషింగ్టన్-బాల్టిమోర్ మధ్య తొలి లైను వేసినవాళ్లలో ఆయనొకడు. 1865లో స్థాపించిన ఈ బడికి పునాది, కబురు క్షణాల్లో చేరాలనే ఆ వ్యాపారమే!

ఏప్రిల్ 15

ఇక వెయిటింగ్ లిస్టు. ఇదో వింత లోకం. అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి ఒప్పందం ప్రకారం ఆర్థిక సాయంతో సీటు వచ్చినవాళ్లు ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకోవచ్చు. ఈలోగా తేల్చమని ఒత్తిడి చేయకూడదు. నాలుగు చోట్ల సీటొచ్చిన వాళ్లు మార్చిలో ఆయా ఊళ్లు చూసొస్తారు, తూకం వేసుకుంటారు. వాళ్లు మూడింటికి ‘వద్దు’ అని రాస్తేనే జాబితాలో ఉన్న మరో ముగ్గురికి పిలుపు. ఆ ‘వద్దు’ చాలాసార్లు 14న, 15న వస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్ల మనసు ఎటు మొగ్గుతుందా అని రెండు నెలలు కూర్చోవడం... పెనెలోపీకి కనీసం ఎవరి కోసం చూస్తోందో తెలుసు. అందుకే సీటు వద్దనుకున్నవాళ్లు ఆ మాట త్వరగా చెప్పేయడం మర్యాద అంటారు తెలిసినవాళ్లు.

సీటు వచ్చినా నిశ్చింత లేదు. 2008 తర్వాత అమెరికాలో సాహిత్య అధ్యాపక ఉద్యోగాలు బాగా తగ్గిపోయాయి. అది తెలిసీ ఏటా దరఖాస్తులు వెళ్తూనే ఉన్నాయి.

న్యూయార్క్ నగరం నుంచి ఇథాకాకు బస్సులో నాలుగైదు గంటలు. మార్చిలో వెళ్తే మంచు, మూసిన గేట్లు. వాగు వెంట నడవాలంటే మంచు కరిగేదాకా ఆగాలి. వసంతంలో బాట సురక్షితమని తేలాకే గేట్ల తాళాలు తీస్తారు.