కిలిమంజారో మీద యాభయ్యో పుట్టినరోజు

ఆఫ్రికా ఖండంలో అన్నిటికన్నా ఎత్తైన పర్వతం కిలిమంజారో. టాంజానియా ఈశాన్య కొసన, కెన్యా సరిహద్దుకు దగ్గరగా ఉంది. షిరా, మావెంజీ, కిబో అనే మూడు అగ్నిపర్వతాలు ఒకదానికొకటి ఆనుకుని ఒకే కొండగా నిలిచాయి. వీటిలో మొదటి రెండూ ఆరిపోయినవి, కిబో మాత్రం నిద్రాణంగా ఉంది. కిబో అంచు మీది ఉహురు శిఖరం ఎత్తు 5,895 మీటర్లు. తాళ్లతో, మంచుగొడ్డళ్లతో పనిలేకుండా కాలినడకన చేరగలిగిన శిఖరం కాబట్టి, కొండలెక్కిన అలవాటు లేనివాళ్లు కూడా దీని మీద ఆశపడతారు. ఏదో ఒక పెద్ద పుట్టినరోజును గుర్తుండేలా జరుపుకోవాలనుకునే దంపతులు వీళ్లలో చాలామందే. భర్తకు యాభై ఏళ్లు నిండే ఫిబ్రవరిలో హైదరాబాద్‌కు చెందిన ఒక జంట మచామే దారిన చేసిన యాత్ర ఇది.

నడక కొండ కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైన శిఖరంగా చెప్పే జిందగడ సుమారు 1,690 మీటర్లు. మచామే గేటే 1,800 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే తెలుగు రాష్ట్రాల్లోని కొండలన్నీ ఎక్కేసినవాడు కూడా ఇక్కడ నడక మొదలుపెట్టే చోటికి అందడు. ఉహురు దగ్గర వాయుపీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సగమే. గాలిలో ఆక్సిజన్ వాటా మారదు, గాలే పలచబడుతుంది. ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

దంపతులు ఆరు నెలల ముందు నుంచే సాధన చేశారు. తెల్లవారుజామున వీపున బరువు వేసుకుని అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కడం, దిగడం. ఆదివారాల్లో గోల్కొండ, అప్పుడప్పుడూ భువనగిరి కోట. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందింది ఆ భువనగిరి బండ మీదే. కాళ్లకూ గుండెకూ ఇలాంటి సాధన ఎంతో మేలు చేస్తుంది గానీ పలచని గాలికి ఒంటిని అలవాటు చేయలేదు. ఎత్తు ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో పైకి వెళ్లాకే తెలుస్తుంది. కండబలాన్ని బట్టీ, వయసును బట్టీ ముందుగా చెప్పడం కుదరదు. ఒకే వంట తిని ఒకే సాధన చేసిన ఆలుమగలైనా ఒకరికి తలనొప్పి వచ్చి మరొకరికి ఏమీ కాకపోవచ్చు. అందుకే బయల్దేరేముందే ఇద్దరూ ఒక మాట అనుకున్నారు: ఒకరు దిగాల్సి వస్తే రెండోవాళ్లు ఆగిపోకూడదు, గైడ్ మాటకు ఎదురు చెప్పకూడదు. జంటగా వెళ్లేవాళ్లకు బూట్ల కన్నా, కోట్ల కన్నా ముందు కావలసిన ఏర్పాటు ఇదే. నాలుగున్నర వేల మీటర్ల పైన, నిద్రలేని అర్ధరాత్రి కూర్చుని మాట్లాడుకోగలిగిన సంగతి కాదు.

తేదీ విషయంలోనూ ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. సెలవు మొదలయ్యే రోజు మార్చుకునే వీలు లేదు. మచామే దారిని ఆరు రోజుల్లో ముగిస్తే పుట్టినరోజు తెల్లవారేసరికి శిఖరం మీద ఉంటారు. ఏడు రోజులు తీసుకుంటే ఆ రోజు శిఖరానికి దిగువనున్న బరాఫు శిబిరంలోనే గడుస్తుంది. వాళ్లు ఏడు రోజులకే మొగ్గారు, అదే సరైన పని. కొండ మీద ఒక రాత్రి అదనంగా పడుకుంటే ఒంటికి అలవాటుపడే వ్యవధి దొరుకుతుంది, శిఖరం చేరే అవకాశం పెరుగుతుంది. పుట్టినరోజు ముచ్చట కోసం ఆ రాత్రిని వదులుకోకూడదు.

ముంబై, అడిస్ అబాబా మీదుగా కిలిమంజారో విమానాశ్రయంలో దిగి, మోషి పట్టణంలో ఒక రాత్రి ఆగారు. మర్నాడు అరటి, కాఫీ తోటల మధ్య చగ్గా జనం ఊళ్లు దాటుకుంటూ వ్యాన్ మచామే గేటుకు చేరింది. గైడ్ లేకుండా పార్కులోకి పంపరు. ఇద్దరు ఎక్కడానికి గైడ్, సహాయ గైడ్, వంటవాడు, పోర్టర్లు కలిసి దాదాపు పదిమంది. గేటు దగ్గర ఒక్కొక్క మూటనూ కాటాకు తగిలించి తూస్తారు. ఒక పోర్టర్ మోయవలసింది 20 కిలోలకు మించకూడదు. ముల్లు ఇరవై దాటితే మూట విప్పి ఏదో ఒకటి తీసి పక్కన పెట్టాల్సిందే. ఈ నియమం ఊరికే పెట్టింది కాదు. వెనకటి రోజుల్లో అధిక బరువుతో, చాలీచాలని బట్టలతో, అరకొర తిండితో చలికి పోర్టర్లు పడిన బాధలు అన్నీ ఇన్నీ కావు. జీతం, తిండి, బరువు సరిగ్గా ఉన్నాయో లేదో చూసేందుకు మోషిలో కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ పనిచేస్తోంది. దాని పరిశీలనకు ఒప్పుకున్న సంస్థలతోనే వెళ్లడం యాత్రికుడి కనీస ధర్మం.

మొదటి రోజు దారి అంతా వర్షారణ్యం. చెట్ల కొమ్మల నుంచి పాచి జడల్లా వేలాడుతుంది. పచ్చని కాడల మధ్య ఎర్రగా, పసుపుగా మెరిసే చిన్న పువ్వు ఈ కొండ మీదే పుట్టే ఇంపేషియన్స్ కిలిమంజారీ. పదకొండు కిలోమీటర్లు నడిస్తే 2,835 మీటర్ల దగ్గర మచామే శిబిరం. ఆ తర్వాతి రోజు అడవి వదిలి, పొదల మధ్య రాతి గుట్ట ఎక్కి షిరా పీఠభూమికి చేరారు. నడుస్తున్నంతసేపూ గైడ్ "పోలే పోలే", అంటే మెల్లగా మెల్లగా, అంటూనే ఉంటాడు. మాట్లాడుతూ నడవగలిగితేనే ఆ వేగం సరైనది. ఆయాసంతో మాట ఆగిందంటే వేగం ఎక్కువైనట్టు.

మూడో రోజు యాత్రకు ఆయువుపట్టు. పొద్దున షిరా నుంచి సుమారు 4,600 మీటర్ల ఎత్తున్న లావా టవర్ అనే నల్లరాతి దిమ్మె దాకా ఎక్కి, మధ్యాహ్నం అక్కడే తిని, సాయంత్రానికి 3,900 మీటర్ల దగ్గరి బరాంకో లోయలోకి దిగుతారు. పగలు ఎత్తుకు వెళ్లి రాత్రి తక్కువ ఎత్తులో పడుకోవడం వల్ల శరీరం పలచని గాలిని రుచి చూస్తుంది, అయినా కోలుకునే వీలుంటుంది. లావా టవర్ దగ్గర భర్తకు కణతల్లో నొప్పి, వికారం మొదలయ్యాయి. పళ్లెంలోని అన్నం కదపలేదు. భార్య మాత్రం తన పళ్లెంలో కందిపొడి కలుపుకుని మొత్తం తినేసింది. బరాంకోకు దిగేసరికి అతని నొప్పి తగ్గి ఆకలి వేసింది. ఎత్తు జబ్బుకు దిగడాన్ని మించిన మందు లేదు.

ఇద్దరూ ముందే డాక్టర్ సలహాతో డయామాక్స్ పేరున దొరికే అసిటజోలమైడ్ వేసుకుంటున్నారు. ఇది మూత్రపిండాల చేత బైకార్బనేట్‌ను బయటికి పంపించి రక్తంలో ఆమ్లగుణం కొద్దిగా పెంచుతుంది, దాంతో ఊపిరి లోతుగా, తరచుగా ఆడుతుంది. వేళ్ల చివర తిమ్మిరి, మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి రావడం దీని ఇబ్బందులు. గైడ్ పొద్దునా సాయంత్రం వేలికి ఆక్సీమీటర్ తగిలించి, తిండి, నిద్ర, తలనొప్పి గురించి అడిగి రాసుకుంటాడు. ఈ ప్రశ్నలకు బింకంగా "బాగానే ఉంది" అని అబద్ధం చెప్పేవాళ్లు తమకే కీడు చేసుకుంటారు.

బరాంకో లోయలో పెద్ద సెనీషియో చెట్లుంటాయి. ఎండిన ఆకులు రాలిపోకుండా మానును చుట్టుకుని, రాత్రి గడ్డకట్టే చలి నుంచి దాన్ని కాపాడతాయి. లోయకు ఎదురుగా సుమారు 250 మీటర్ల బరాంకో గోడ. దూరం నుంచి చూస్తే భయమేస్తుంది. దగ్గరికి వెళ్తే చేతులు ఆనించి మెట్టుమెట్టుగా ఎక్కే దారే. ఒకచోట బండను కౌగిలించుకుని పక్కకు జరగాలి. అక్కడ సహాయ గైడ్ అవతల నిలబడి చెయ్యి అందిస్తాడు. ఆ రాత్రి కరంగా శిబిరంలో, మర్నాడు మధ్యాహ్నానికల్లా సుమారు 4,670 మీటర్ల ఎత్తున్న బరాఫులో.

పుట్టినరోజు వచ్చింది అక్కడే. చెట్టూ చేమా లేని రాతి గుట్ట మీద, గాలికి కొట్టుకునే టెంట్లలో. వంటవాడు ఓవెన్ లేకుండానే గిన్నెలో ఆవిరి మీద కేకు ఉడికించి తెచ్చాడు. పోర్టర్లు చప్పట్లు కొడుతూ స్వాహిలీలో పాడారు. ఇంటి నుంచి తెచ్చిన సున్నుండలు చలికి రాయిలా బిగుసుకున్నాయి. భార్య వాటిని కత్తి పిడితో పగలగొట్టి అందరికీ పంచింది. ఆ ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అలవాటైన రుచి అయితేనే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి. సాయంత్రం ఆరుకే పడుకోమన్నారు.

అర్ధరాత్రి హెడ్‌ల్యాంపులు పెట్టుకుని బయల్దేరారు. బరాఫు నుంచి కిబో అగ్నిబిలం అంచు దాకా దాదాపు 1,100 మీటర్ల ఎత్తు. మొత్తం జారుడు రాతిపొడి. రాత్రి చలికి గట్టిపడి ఉంటుంది కాబట్టే ఆ వేళలో ఎక్కిస్తారు. నీళ్ల సంచి గొట్టం గంటలోపే గడ్డకట్టింది. సీసాను తలకిందులుగా పెట్టుకుంటే మంచు అడుగున కట్టి మూత తెరుచుకుంటుంది.

తూర్పున మావెంజీ వెనక ఎర్రబారేసరికి స్టెల్లా పాయింట్ చేరారు. ఎత్తు 5,756 మీటర్లు. 1925లో భర్త కింగ్స్‌లీ లాథంతో కలిసి ఇక్కడికి ఎక్కిన స్టెల్లా పేరే దీనికి పెట్టారు. భర్త అప్పటికే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. గైడ్ అతన్ని మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు నడిపించాడు. అడుగు తడబడలేదు కాబట్టి మెదడు వాచిన లక్షణం కనిపించలేదు. ఆక్సిజన్ మాత్రం బాగా పడిపోయింది, ఇంకా పైకి వద్దన్నాడు. ఉహురు అక్కడికి ముప్పావుగంట దూరం.

"నువ్వెళ్లు. అనుకున్నదే కదా," అన్నాడతను.

"అలాగేనండీ. దిగేటప్పుడు కర్రలు వదలొద్దు."

సహాయ గైడ్‌తో అతను దిగాడు. గైడ్‌తో ఆమె ముందుకు సాగింది. ఇది కఠినంగా కనిపించవచ్చు గానీ, ఆమె కూడా దిగిపోయి ఉంటే తన వల్లే ఆగిందన్న బరువు అతని మీద పడేది. ఇద్దరికీ చెరొక గైడ్ ఉండటం వల్లే ఇది సాధ్యమైంది. ఖర్చు తగ్గుతుందని సహాయ గైడ్‌ను వద్దనుకునే జంటలకు ఈ దారి ఉండదు.

అంచు వెంబడి దారికి ఎడమ పక్కన హిమానీనదాలు నిలువెత్తు గోడల్లా ఉన్నాయి. 1912 నుంచి ఇప్పటికి ఈ కొండ మీది మంచులో నూటికి ఎనభై వంతులకు పైగా కరిగిపోయింది. మిగిలింది కూడా రానున్న దశాబ్దాల్లో పోతుందని శాస్త్రజ్ఞుల అంచనా. అంత ఎత్తు కష్టపడి ఎక్కి చూస్తున్నది పోబోయేదాన్నని తెలియడం బాధాకరం. 1889 అక్టోబర్ 6న ఈ శిఖరాన్ని మొదట చేరిన హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ పైభాగమంతా మంచులో మెట్లు నరుక్కుంటూ ఎక్కవలసి వచ్చింది. మేయర్‌కు అది మూడో ప్రయత్నం. జర్మన్లు తమ చక్రవర్తి పేరు పెట్టిన శిఖరానికి 1961లో టాంగన్యికా స్వతంత్రమయ్యాక ఉహురు అన్న పేరు వచ్చింది. ఆమె శిఖరం మీది బోర్డు దగ్గర ఫొటో తీయించుకుని పది నిమిషాల్లోనే వెనుదిరిగింది. ఆ ఎత్తులో అంతకన్నా ఆగనివ్వరు.

బరాఫుకు దిగేసరికి భర్త సూప్ తాగి కూర్చుని ఉన్నాడు. వెయ్యి మీటర్లు దిగాక వికారం పోయి తలనొప్పి మాత్రం మిగిలింది. అదే రోజు ఇద్దరూ సుమారు 3,100 మీటర్ల దగ్గరి మ్వేకా శిబిరానికి దిగారు. ఎక్కేటప్పుడు ఊపిరికి పరీక్ష, దిగేటప్పుడు మోకాళ్లకు. బూటు ముందుకొసకు వేళ్లు కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి కాబట్టి దిగే ముందు లేసులు బిగించి కట్టుకోవాలి, గోళ్లు కత్తిరించుకుని ఉండాలి.

మర్నాడు అడవిలో పది కిలోమీటర్లు దిగి మ్వేకా గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకాలు చేశారు. పోర్టర్లకూ, వంటవాడికీ, గైడ్లకూ ఇవ్వవలసిన డబ్బును ఎవరికెంతో అందరి ముందూ చదివి వినిపించి చేతికే ఇచ్చారు. పోర్టర్‌కు తన వాటా తనకే చేరాలంటే అదే మేలైన పద్ధతి. పార్కు ఇచ్చే ధ్రువపత్రాలు రెండు రకాలు, స్టెల్లా దాకా చేరినవారికి ఒకటి, ఉహురు చేరినవారికి మరొకటి. వాళ్లకు చెరొక రకం వచ్చింది. మధ్యాహ్నానికి వ్యాన్ మోషిలో దించింది.