రాసమ్మ టీచరు

మా తాతయ్య ట్రంకుపెట్టె అడుగున అరటిగెల బొమ్మ పది డాలర్ల నోట్లు కట్టలుగా ఉండేవి. జపాన్ కాలం నోట్లు, అంటే రెండో ప్రపంచయుద్ధంలో మలయాని జపాన్ ఆక్రమించుకున్నప్పటివి. 1945లో జపాన్ ఓడిపోగానే అవి చిత్తుకాగితాలైపోయాయి. వాటితో మేం దుకాణం ఆట ఆడుకునేవాళ్లం. నోటుకి నాలుగు చింతపిక్కలు బేరం.

మలయాలో, దిగువ పేరాక్ కొబ్బరితోట కూలీ లైన్లలో పెరిగాను. రాత్రిళ్లు అరుగుల మీద జపాన్ కాలం కబుర్లే. బియ్యం దొరక్క కర్రపెండలంతో కడుపు నింపుకున్న రోజులు, సయాం రైలుపట్టాల పనికి పట్టుకుపోతే మళ్లీ రాని కుర్రాళ్లు. అమ్మమ్మకి కర్రపెండలం వాసనే గిట్టేది కాదు. మేం ఉడకబెట్టి బెల్లం నంజుకుంటుంటే లేచి అవతలికి పోయేది.

తాతయ్య గొంతు పెంచి చెప్పే కథ మాత్రం ఒక్కటే, ఝాన్సీ రాణి రెజిమెంటు. ఇండియా స్వాతంత్ర్యం కోసం 1943లో సింగపూర్‌లో నేతాజీ పెట్టిన ఆడవాళ్ల దళం అది, కెప్టెన్ లక్ష్మి నడిపింది. రబ్బరుతోటల కూలీల ఆడపిల్లలు సిపాయి దుస్తులు వేసుకుని తుపాకీ పట్టారు. వాళ్లలో చాలామంది ఇండియా మొహమే చూడలేదు. ఇపోలో, జాఫ్నా తమిళుల ఇంట 1927లో పుట్టిన రాసమ్మ కూడా తోడబుట్టిన పొన్నమ్మతో కలిసి అందులో చేరింది. పదహారేళ్లకే బర్మా దాకా వెళ్లింది.

తాతయ్య కథ అక్కడితో సరి. పట్నంలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే మా పిన్ని ఊరుకునేది కాదు. “తుపాకీ సరే, తర్వాతేం చేసిందో అది చెప్పు నాన్నా!” అనేది.

తర్వాత రాసమ్మ ఆగిన చదువు అందుకుంది, డిగ్రీ తీసుకుంది, టీచరైంది, పెళ్లితో రాసమ్మ భూపాలన్ అయింది. అప్పట్లో ఒకే చదువుకి, ఒకే పనికి మగ టీచరు జీతం ఎక్కువ, ఆడ టీచరుది తక్కువ. పెళ్లయితే పర్మనెంటు ఉద్యోగం కాస్తా తాత్కాలికం అయిపోయేది. పిన్ని పెళ్లి రెండేళ్లు వాయిదా పడింది అందుకే. ఊరు మాత్రం జాతకాలు కుదరలేదనుకుంది. 1960లో రాసమ్మ మహిళా ఉపాధ్యాయుల సంఘం పెట్టి తొలి అధ్యక్షురాలైంది. అర్జీలు, మీటింగులు, మంత్రుల చుట్టూ తిరగడం. ఈ రెండో యుద్ధమే కష్టమైందని నా లెక్క. దీనికి బ్యాండు మేళం లేదు, చూసి చప్పట్లు కొట్టేవాళ్లూ లేరు. సమాన జీతం చేతికందేసరికి 1969 వచ్చింది. ఆమె ఆ తర్వాత కౌలాలంపూర్ మెథడిస్ట్ బాలికల పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసింది.

రాణీ రెజిమెంటు ఫొటోలు ఏటా ఆగస్టులో పత్రికల్లో వేస్తుంటారు. ఈసారి వేసేటప్పుడు ఆ జీతాల గొడవ గురించి కూడా ఒక పేరా రాయండి.