బీరువాలో డబుల్ బ్యారెల్

బందరు, గుడివాడ, దివిసీమల్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళని కదిలిస్తే వేట కబుర్లో, కాల్పుల కబుర్లో వినిపిస్తాయనుకుంటే నిరాశ తప్పదు. వాళ్ళు మాట్లాడేది తుప్పు గురించి, తాళం గురించి, ఐదేళ్ళకోసారి వచ్చే రెన్యువల్ గురించి, ఎన్నికల ప్రకటన రాగానే స్టేషన్‌కి మోసుకెళ్ళి అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం గురించి. ఈ ఊళ్ళలో తిరిగినప్పుడు తారసపడిన లైసెన్సుదారులు స్థూలంగా మూడు రకాలు. సైన్యంలో పనిచేసి వచ్చి బ్యాంకు గుమ్మాల్లో కాపలా ఉండేవాళ్ళు మొదటి రకం. తాతల నాటి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్‌ని వారసత్వంగా ఉంచుకున్న పాత రైతు కుటుంబాలు రెండో రకం. చెరువులూ వ్యాపారాలూ పెరిగాక కాన్పూరు ఫ్యాక్టరీ పాయింట్ ముప్పై రెండు రివాల్వర్ కొనుక్కున్నవాళ్ళు మూడో రకం. వీళ్ళ ఆస్తులు వేరు, అవసరాలు వేరు, రాజకీయాలు అసలే వేరు. అయినా అందరి మాటా చివరికి ఒకచోటికే వస్తుంది: తుపాకీ కొనడం తేలిక, ఉంచుకోవడమే కష్టం. నా వాదన కూడా అక్కడినుంచే మొదలవుతుంది. లైసెన్సు ఇచ్చేముందు ‘నీకెందుకు?’ అని ఆరా తీసే యంత్రాంగం ‘ఎక్కడ పెడతావు, ఎవరికి అందకుండా పెడతావు, వాడటం వచ్చా?’ అని కూడా అంతే గట్టిగా అడగాలి. ఈ డెల్టాలో లైసెన్సు తుపాకీ వల్ల రాగల ముప్పు ఎక్కువగా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

బందరు కోట దగ్గర నిలబడితే ఉంచుకోవడమే కష్టమన్న మాట కళ్ళకి కడుతుంది. 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ నుంచి ఒక్క రాత్రి దాడితో లాక్కున్న కోట ఇది. అప్పటి మందుగుండు హడావుడికి గుర్తుగా ఇప్పుడు మొండిగోడలు మిగిలాయి. ఫిరంగులకి లొంగనివాటిని ఉప్పుగాలి నెమ్మదిగా తినేసింది. ఊళ్ళో బీరువాల్లో ఉన్న తుపాకులకీ అదే గాలి శత్రువు. అందుకే ఇక్కడి పాతకాపుల మొదటి సలహా వినడానికి వింతగా ఉంటుంది: తోలు సంచిలో పెట్టకండి. తుపాకీకి మర్యాదగా ఉంటుందని కొన్న ఆ ఖరీదైన తోలు తొడుగు వానాకాలమంతా చెమ్మ పీల్చి, గొట్టాన్ని పట్టుకుని కూర్చుంటుంది. పొడి గుడ్డతో తుడిచి, పలచగా రంగూన్ ఆయిల్ రాసి, గాలి తగిలేలా బీరువాలో నిలబెట్టి తాళం వేయాలి. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంలో ఉండాలి. వాటి ఇత్తడి అడుగుభాగం పచ్చబడినా, ఒళ్ళు ఉబ్బినా ‘ఇంకా పనిచేస్తాయిలే’ అనుకోకూడదు. బందరులో ఉన్నవాడికి తుపాకీ ఖర్చంటే కొన్న ధర ఒక్కటే కాదు, నెలనెలా పెట్టాల్సిన ఓ అరపూట కూడా.

గుడివాడలో ఒక బ్యాంకు కాపలాదారు, సైన్యం నుంచి వచ్చినాయన, డ్యూటీ దిగాక తన డబుల్ బ్యారెల్‌ని తుడిచే పద్ధతి దగ్గరగా చూడదగ్గది. ముందు గొట్టం గోడవైపు తిప్పాడు. మీట పక్కకి నెట్టి తుపాకీని నడిమికి విరిచి, రెండు తూటాలూ తీసి బల్లమీద నిలబెట్టాడు. ఆ తర్వాత తూటాలుండే గదిలోకి చిటికెన వేలు పెట్టి తడిమాడు. కంటితో చూశాక వేలితో తడమడం ఎందుకని అడిగితే, ‘లైటు పోయినప్పుడు కూడా ఇదే అలవాటు ఉండాలి కదండీ’ అన్నాడు. గొట్టాన్ని కిటికీ వెలుతురుకి పట్టి వెనకనుంచి చూశాడు. లోపల అద్దంలా వలయాలు వలయాలుగా మెరవాలి. నల్లటి చుక్కలుంటే తుప్పు మొదలైనట్టు, మసకగా అడ్డం కనిపిస్తే ఏ కందిరీగో మట్టిగూడు పెట్టినట్టు. అలా మూసుకుపోయిన గొట్టంతో పేలిస్తే గొట్టమే చీలుతుందట. పుల్‌త్రూ తాడుకి చిందీ కట్టి లాగినప్పుడు మొదటి గుడ్డ నల్లగా, మూడోది దాదాపు తెల్లగా వచ్చింది. తుపాకీ మనిషి చేతిలోంచి మనిషి చేతిలోకి వెళ్ళేటప్పుడు ‘ఖాళీగానే ఉంది’ అని నోటితో చెప్పకూడదన్నది ఆయన నియమం. ‘చెప్పడం కాదండీ, విరిచి చూపించాలి. మా సుబేదారు గారికిచ్చినా అంతే, మా అబ్బాయికిచ్చినా అంతే.’ పాత ఇంగ్లీషు తుపాకులున్న ఇళ్ళవాళ్ళకి ఆయన చెప్పే మరో మాట ఇంకా పనికొస్తుంది. వాటిలో చాలావాటి గది అరవై ఐదు మిల్లీమీటర్ల తూటాకి కోసింది. ఇప్పుడు అంగళ్ళలో దొరికే డెబ్భై మిల్లీమీటర్ల తూటా అందులో పట్టినట్టే ఉంటుంది గానీ, పేలాక మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం మీద చెక్కిన అంకె చదవకుండా తూటా కొనకూడదు.

ఇవన్నీ సైన్యంలో నేర్చుకున్నవాడికి తెలుసు. వారసత్వంగా తుపాకీ వచ్చినవాడికి, డబ్బుండి రివాల్వర్ కొన్నవాడికి ఎవరు నేర్పారు? చట్టంలో జవాబు లేకపోలేదు. 2016 ఆయుధ నియమావళి దరఖాస్తుదారుని శిక్షణ ధ్రువపత్రం అడుగుతుంది, ఆయుధాన్ని భద్రంగా దాచే ఏర్పాటు చూపమంటుంది. 2019 సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకి తగ్గించింది. సంబరాల్లో ఇతరుల ప్రాణాల మీదికి తెచ్చేలా పేల్చితే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ వేయొచ్చంది. (పెళ్ళిలో తుపాకీ పేల్చే ఆచారం ఉత్తరాదిది. మనకి ఇంకా బాణసంచాతోనే సరిపోతోంది, సంతోషం.) కాబట్టి నియమం లేదని నేననడం లేదు. విచారణలో బరువెక్కడ పడుతోందన్నదే ప్రశ్న. మనిషి మీద కేసులున్నాయా, ప్రాణభయం నిజమా అన్నవి పోలీసు నివేదికలో తేలాల్సినవే. కానీ మంచివాడని తేలినంతమాత్రాన తుపాకీ పట్టుకోవడం వచ్చినట్టు కాదు. డ్రైవింగ్ లైసెన్సుకి గుణగణాల ధ్రువపత్రం చాలదు, బండి నడిపి చూపించమంటాం. ఏళ్ళ తరబడి ఒక్క తూటా పేల్చని వాళ్ళకి కూడా రెన్యువల్ కాగితాలతోనే ముగిసిపోకూడదు. జిల్లా పోలీసుల ఫైరింగ్ రేంజిలో ఓ పూట విప్పించి, తుడిపించి, నాలుగు తూటాలు పేల్పించి చూస్తే పోయేదేముంది?

దీనికి చెరువుల రైతులు గట్టిగా అడ్డం తిరుగుతారు. గుడివాడ పక్కన నందివాడ మండలంలో చెరువు గట్ల మీద నడిస్తే వాళ్ళ బాధ అర్థమవుతుంది. లక్షల విలువచేసే సరుకు నీళ్ళలో ఉంటుంది, ఇల్లు మైళ్ళ దూరంలో ఉంటుంది, రాత్రిపూట వలేసి లాక్కెళ్ళేవాళ్ళకి గట్టే దారి. ‘దొంగ వచ్చేసరికి పోలీసులు రారు కదా, శిక్షణ సంగతి తర్వాత, ముందు తుపాకీ ఇప్పించండి’ అంటారు. వాదనలో బలముంది, కానీ చట్టం దగ్గర అది విరిగిపోతుంది. భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ ప్రకారం ఆస్తి కాపాడుకోవడానికి ప్రాణం తీసే హక్కు దోపిడీ, రాత్రిపూట ఇల్లు బద్దలుకొట్టి చొరబడటం, నివాసాలకి నిప్పు లేదా పేలుడు పదార్థాలతో కీడు చేయడం, చావు భయమో తీవ్రగాయం భయమో సహేతుకంగా కలిగించే దొంగతనం లాంటి సందర్భాలకే ఉంది. చేపలు పట్టుకుని పారిపోయేవాణ్ణి వెనకనుంచి కాలిస్తే నేరస్థుడయ్యేది చెరువు యజమానే. చీకటి సంగతి సరేసరి. సైన్యానికి రాత్రిపూట చూపునిచ్చే పరికరాలు బందరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారవుతాయి, ఇప్పుడు పామర్రు దగ్గర నిమ్మలూరులోనూ ఫ్యాక్టరీ వెలిసింది. ఆ పరికరాలు లేని రైతుకి గట్టు మీద కదిలే నీడ దొంగో, మేత వేయడానికొచ్చిన తన కూలీయో తెలిసే దారి లేదు. గట్టు పొడుగునా దీపాలు, రెండు కుక్కలు, ఇద్దరు కాపలావాళ్ళు, ఫోనుకి బొమ్మ పంపే కెమెరా – తుపాకీ ఉన్న ఆక్వా రైతులే కొందరు తమకి అక్కరకొచ్చింది ఇవేనని ఒప్పుకుంటారు.

పక్షుల సంగతీ ఇక్కడే చెప్పాలి. నీటికాకులు, కొంగలు, గూడబాతులు చెరువుల మీద పడి తినే మాట నిజం. చేరువలోనే కొల్లేరు అభయారణ్యం ఉంది. లైసెన్సు అక్కర్లేని ఎయిర్‌గన్ కొనుక్కుంటే చాలనుకునేవాళ్ళున్నారు. పాయింట్ ఒకటి ఏడు ఏడు బోరు మించని, ఇరవై జౌళ్ళ శక్తి దాటని గాలితుపాకీకి లైసెన్సు అక్కర్లేదు, నిజమే. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తుపాకీ రకం చూడదు, పడిన పిట్టని చూస్తుంది. ఇక పిట్టల్ని బెదరగొట్టడానికి కార్బైడ్ వేసి పేల్చే ప్లాస్టిక్ గొట్టాలు శబ్దానికే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. 2025 దీపావళికి భోపాల్‌లో అవే గొట్టాలు ఎంతమంది పిల్లల కళ్ళు దెబ్బతీశాయో పత్రికల్లో చదివాం. చెరువు మీద తీగలు కట్టి వల పరవడం ఖర్చే గానీ, కంటి ఆపరేషన్ కంటే చవక.

పులిగడ్డ దాటి దివిసీమలోకి వెళ్తే దూరం గురించిన వాదన ఇంకా బలంగా వినిపిస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు లంక పొలాల్లో రాత్రి కాపలా అంటే నిజంగానే ఒంటరితనం. నాగాయలంక మండలంలోనే గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మేలో శంకుస్థాపన జరిగింది. దేశం క్షిపణి పరీక్షించే చోట రైతుకి ఒక తుపాకీ ఇవ్వరా అని ఓ పెద్దాయన నవ్వుతూ అన్నాడు. కానీ ఈ సీమలో ప్రాణాలు తీసేవాటి జాబితా వేస్తే తుపాకీతో ఆగేవి ఎన్ని? 1977 నవంబరు 19 ఉప్పెన వేలమందిని మింగింది. 2018 వానాకాలంలో పాముకాట్లు ఎంత పెరిగాయంటే, అవనిగడ్డ ఆస్పత్రి బాధితులతో నిండి, చివరికి మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేయించారు. పొలానికి పోయే దివిసీమ రైతుకి మోకాలి దాకా బూట్లు, చేతిలో టార్చిలైటు, దగ్గరి ఆస్పత్రిలో విరుగుడు మందు డబుల్ బ్యారెల్ కంటే ఎక్కువ సార్లు ప్రాణం నిలబెడతాయి. ఇది తుపాకీ వద్దనడం కాదు. నిజమైన బెదిరింపులున్నవాడికి, కోర్టులో సాక్ష్యం చెప్పి ప్రాణభయంతో బతికేవాడికి ఇవ్వాల్సిందే. ‘ఎందుకైనా మంచిది’ అనే కారణం మాత్రం చాలదు.

హక్కు మాటేమిటని అడిగేవాళ్ళకి చరిత్రలో ఆధారముంది. 1878 ఆయుధ చట్టం తెల్లవాళ్ళని మినహాయించి భారతీయుల్ని లైసెన్సు అడిగింది. ఆ అవమానానికి జవాబుగానే 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో నిబంధనలకి లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు చేరింది. 1948లో కాంగ్రెసు పార్టీకి బందరు డాక్టరు పట్టాభి సీతారామయ్య అధ్యక్షులయ్యారు. అదే ఏడాది డిసెంబరులో రాజ్యాంగసభలో సభ్యుడు కామత్ ఈ హక్కుని చేర్చమని సవరణ తెస్తే అంబేద్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. పరాయి పాలనలో నిరాయుధీకరణ అవమానం. ఓటుతో ప్రభుత్వాన్ని మార్చగల దేశంలో అదే వాదన అంతే బరువుతో నిలవదని నా అభిప్రాయం. పైగా కరాచీ తీర్మానం కూడా నిబంధనలకి లోబడే అంది.

లైసెన్సుదారుల ఫిర్యాదుల్లో ఒకదాన్ని మాత్రం నేను పూర్తిగా సమర్థిస్తాను. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ అందర్నీ ఒకే గాటన కట్టి తుపాకులు అప్పజెప్పమనడం సరికాదు. ఎన్నికల సంఘం సూచనల ప్రకారమే కలెక్టరు, ఎస్పీ ఉన్న పరిశీలక సంఘం ఒక్కొక్క లైసెన్సునీ చూసి, బెయిలు మీద ఉన్నవాళ్ళు, నేరచరిత్ర ఉన్నవాళ్ళు, అల్లర్లలో పేర్లున్నవాళ్ళు లాంటివారి నుంచి తీసుకోవాలి. ‘కత్తులూ నాటు తుపాకులూ ఉన్నవాడు రసీదు తెచ్చుకుంటాడా?’ అన్న వాళ్ళ ప్రశ్నకి నా దగ్గర ఎదురు జవాబు లేదు. అప్పజెప్పిన తుపాకీ నూనె లేకుండా నెలలు గడిచి తుప్పుతో తిరిగొస్తే నష్టం ఎవరిదన్నది కూడా సబబైన ప్రశ్నే. లైసెన్సుదారుల నుంచి ఆశించే జాగ్రత్తే ప్రభుత్వం తన మాల్‌ఖానాలోనూ పాటించాలి.

ఇక ఇళ్ళలో పెద్దాయన పేరున తుపాకీ ఉన్నవాళ్ళకి ఒక మాట. ఆయన కాలం చేశాక లైసెన్సు లేని మనిషి ఆ తుపాకీని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. దుఃఖంలో ఉన్నామన్న సాకు చట్టానికి పట్టదు. వెంటనే స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేసి రసీదు తీసుకోవాలి. అంతదాకా ఆగనక్కర్లేదు కూడా. లైసెన్సుదారుకి డెబ్భై ఏళ్ళు నిండినా, ఆ తుపాకీ పాతికేళ్ళుగా ఆయన దగ్గరున్నా వారసుడు తన పేరున దరఖాస్తు పెట్టుకోవచ్చని 2016 నియమాలే చెబుతున్నాయి. వారసుల్లో ఎవరికీ అక్కర్లేకపోతే ఆయన ఉండగానే, ఆయన చేతే అమ్మించేయండి.