లెక్కలోకి రాని రక్తం

గర్భసంచి ఆపరేషన్‌కి ముందు డాక్టరమ్మ అడిగింది, "మీ ఇంట్లో ఎవరికైనా రక్తం తొందరగా గడ్డకట్టని జబ్బుందా?" లేదన్నాను. నెలనెలా పది రోజులు బహిష్టుతో నీరసించిపోయే అమ్మ గానీ, కాన్పులో రక్తం ఆగక పోయిన పెద్దమ్మ గానీ నాకు గుర్తు రాలేదు. అది జబ్బని మాకెవరూ చెప్పలేదు. ఆడపుట్టుక అన్నారు, అంతే.

ఆపరేషన్ బల్ల మీద నాకూ రక్తం ఆగలేదు. నాలుగు బాటిళ్లు ఎక్కిస్తే బతికాను. ముందు చేసిన మామూలు పరీక్షల్లో ఏమీ తేలలేదు. తర్వాత తేలింది, వాన్ విల్లెబ్రాండ్ జబ్బని. ప్లేట్‌లెట్లు గాయానికి అతుక్కునేలా చేసే ప్రోటీన్ లోపం. ఆడా మగా ఇద్దరికీ వస్తుంది. బహిష్టులూ కాన్పులూ మనవి కనక మనల్నే ఎక్కువ బాధిస్తుంది.

ఈ జబ్బు గురించి ఫిన్లండ్ డాక్టర్ ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ 1926లో మొదట రాశాడు. ఆయన పరీక్షించిన ఓలాండ్ దీవుల పాప పదమూడేళ్లకే, నాలుగో బహిష్టులో రక్తం ఆగక చనిపోయింది.

ముందే తెలిసుంటే నాకు మందులతోనే సరిపోయేదేమో. ఇప్పుడు మా అమ్మాయి ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్లని రాసిపెట్టుకుంటోంది. ఆపరేషన్‌కి వెళ్లే ముందు మీరూ మీ అమ్మనీ, పిన్నినీ అడగండి.